పేరు ఒకటి, దాయాదులు ఇద్దరు



1973 అక్టోబరు. నాకప్పుడు పదకొండేళ్ళు. సాయంత్రం మా అరుగు మీద రేడియో పెడితే వీధిలో సగం మంది అక్కడే చేరేవాళ్ళు. పశ్చిమాసియాలో యుద్ధం మొదలైన రోజులవి. వార్తల్లో ఇజ్రాయెల్, ఈజిప్టు, సిరియా అని వరసగా వినిపిస్తున్నాయి. వీధి చివర ఇంట్లో ఒక మామ్మ ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టి, నల్ల అట్ట బైబిలు చంకన పెట్టుకుని గుడికి వెళ్ళే మనిషి. గుడి అంటే చర్చి. మా వైపు అలాగే అంటారు. ఆవిడ అరుగు కింద నిలబడి వార్తలన్నీ విని నన్ను అడిగింది: "ఒరే అబ్బాయ్, ఆ యుద్ధంలో ఉన్నోళ్ళు మనోళ్ళేనంట్రా?"

మనోళ్ళేమిటి మామ్మా, అది ఎక్కడో పరాయి దేశం కదా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. తాను రోజూ చదివే పుస్తకంలో ఉన్న పేరే రేడియోలో వినిపిస్తుంటే పరాయి దేశం ఎలా అవుతుందని ఆవిడ వాదం. పైగా ఆవిడ పెద్దన్నయ్య పేరు కూడా ఇశ్రాయేలే.

గమనించారో లేదో, ఈ పేరును తెలుగులో మనం రెండు రకాలుగా రాస్తాం. పత్రికల్లో, వార్తల్లో ఇజ్రాయెల్. బైబిల్లో ఇశ్రాయేలు. మొదటిది 1948 మే 14న ఏర్పడిన దేశం. దాని పౌరుల్లో యూదులున్నారు, అరబ్బు ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు, ద్రూజులున్నారు. రెండోది ఒక వంశం, ఒక జనం, ఒక వాగ్దానం. ఆ దేశానికి పేరు పెట్టేటప్పుడు యూదయ, సీయోను లాంటి పేర్లు కూడా పరిశీలనకు వచ్చాయి. చివరికి ఇశ్రాయేలే నిలిచింది. హీబ్రూలో రెంటికీ ఒకటే మాట, ఒకటే రాత. మన భాష ఎవరూ చెప్పకుండానే రెంటినీ విడదీసి పెట్టుకుంది. ఈ పూట నేను మాట్లాడబోయేది రెండో దాని గురించి. మామ్మ అడిగిన ప్రశ్న గురించే అనుకోండి. ఇశ్రాయేలు అంటే ఎవరు? ఈ ప్రశ్న మీద యూదులకూ క్రైస్తవులకూ దాదాపు రెండు వేల ఏళ్ళుగా తగాదా ఉంది.

పేరు పుట్టిన చోటు చూద్దాం. ఆదికాండం 32వ అధ్యాయం. అన్న ఏశావుకు భయపడుతూ యాకోబు ఇంటికి తిరిగొస్తున్నాడు. యబ్బోకు అనే వాగు రేవు దగ్గర రాత్రి ఒంటరిగా మిగిలాడు. ఎవరో వచ్చి తెల్లవారేదాకా అతనితో పెనుగులాడారు. వచ్చింది మనిషా, దేవదూతా, దేవుడా అన్నది ఆ కథ తేల్చి చెప్పదు. యాకోబు తుంటి తప్పింది, కానీ పట్టు వదల్లేదు. అప్పుడు అతనికి దొరికిన కొత్త పేరు ఇశ్రాయేలు, దేవునితో పోరాడినవాడు అని. తెల్లవారాక కుంటుకుంటూ నడిచాడు. ఆ కుంటి నడక గుర్తుగా ఆచారం పాటించే యూదులు ఇప్పటికీ పశువు తుంటినరాన్ని తినరు. ఆ నరాన్ని తీయడం ఎంత తంటా అంటే, చాలా దేశాల్లో వాళ్ళ మాంసం కొట్లవాళ్ళు పశువు వెనక భాగాన్ని మొత్తంగా ఇతరులకు అమ్మేస్తారు. మూడు వేల ఏళ్ళ నాటి కథ ఒకటి ఇంకా కసాయి కత్తి ఎక్కడ ఆగాలో చెబుతోందన్నమాట.

ఒక మనిషి పేరు పన్నెండు మంది కొడుకుల ద్వారా పన్నెండు గోత్రాల పేరయింది. బైబిలు బయట ఈ పేరు మనకు మొదటిసారి కనిపించేది ఈజిప్టు రాజు మెర్నెప్తా వేయించిన రాతిశాసనంలో. కాలం సుమారు క్రీ.పూ. 1208. 1896లో ఫ్లిండర్స్ పెట్రీ తవ్వకాల్లో బయటపడింది. ఇశ్రాయేలు నాశనమైపోయింది, దానికిక విత్తనం లేదు అన్న అర్థంలో ఆ రాజు గొప్పలు చెప్పుకున్నాడు. ఆ శాసనంలో చుట్టుపక్కల పేర్లకు ఊరు, దేశం అని సూచించే గుర్తులు వేసిన లేఖకుడు, ఇశ్రాయేలు దగ్గర మాత్రం జనం అని సూచించే గుర్తు వేశాడు. నేలకన్నా ముందు మనుషుల పేరుగానే అది చరిత్రలోకి వచ్చింది.

సొలొమోను తర్వాత రాజ్యం రెండు ముక్కలైంది. ఉత్తరాన పది గోత్రాల ఇశ్రాయేలు, దక్షిణాన యూదా. క్రీ.పూ. 722లో అష్షూరు సేనలు ఉత్తర రాజ్యాన్ని మట్టుపెట్టి జనాన్ని దూరదేశాలకు తరలించాయి. 27,290 మందిని పట్టుకుపోయానని సర్గోను రాజు తన శాసనంలో లెక్క రాయించుకున్నాడు. క్రీ.పూ. 586లో బబులోను వాళ్ళు యెరూషలేమును కూల్చారు. ఆ చెర నుంచి తిరిగొచ్చినవాళ్ళు ప్రధానంగా యూదా వాళ్ళు. యూదుడు అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. ఇక్కడే చిక్కు మొదలైంది. ఇశ్రాయేలు అనే పెద్ద ఇంట్లో ఒక వాటా వాళ్ళు మిగిలారు. మొత్తం ఇంటిపేరు ఇకనుంచి వీళ్ళదేనా?

యూదుల జవాబు, మాదే. మరొకరిది ఎలా అవుతుంది? వాళ్ళ పాత గ్రంథాలు, అంటే మిష్నా, తల్మూదు, తమ గురించి మాట్లాడేటప్పుడు యూదులు అనే మాటను వాడేది తక్కువ. ఇశ్రాయేలు అనే అంటాయి. పొద్దునా రాత్రీ చెప్పే షెమా ప్రార్థన ఇశ్రాయేలును పిలుస్తూ మొదలవుతుంది. చెప్పేవాడూ వినేవాడూ ఒకడే. సమాజమందిరంలో ధర్మశాస్త్రం చదివేటప్పుడు ముందు యాజక వంశం వాడిని పిలుస్తారు, తర్వాత లేవీ వంశం వాడిని, ఆ తర్వాత ఇశ్రాయేలును. ఇక్కడ ఇశ్రాయేలు అంటే మామూలు యూదుడు, ఏ ప్రత్యేకతా లేనివాడు. ఇది వాళ్ళకు వేదాంత పదం కాదు. రోజువారీ ఇంటిపేరు.

ఇంటిపేరు అన్నాను కాబట్టి ఇంకో మాట. ఇంట్లో పుట్టినవాడు తప్పుచేస్తే ఇంటిపేరు పోతుందా? యెహోషువ గ్రంథంలో ఆకాను అనేవాడు దేవునికి చెందిన కొల్లసొమ్ము దొంగిలించాడు. అప్పుడు దేవుడు ఇశ్రాయేలు పాపం చేసింది అన్నాడట. తల్మూదు పండితులు ఆ వాక్యాన్ని చేతికి తీసుకుని, చూశారా, పాపం చేశాక కూడా ఇశ్రాయేలు అనే పిలిచాడు, కాబట్టి పాపం చేసినా వాడు ఇశ్రాయేలే అని తేల్చారు. ట్రువా నగరంలో ఉన్న మహా వ్యాఖ్యాత రాషీ, 11వ శతాబ్దంలో, ఈ మాటను ఒక న్యాయసూత్రంగా నిలబెట్టారు. బలవంతాన బాప్తిస్మం పొందినవాళ్ళ సంగతి ఆ రోజుల్లో వట్టి చర్చ కాదు. 1096లో సిలువయుద్ధానికి బయలుదేరిన మూకలు రైన్ నది ఊళ్ళలో యూదులను చంపాయి, మిగిలిన కొందరిని నీళ్ళలో ముంచాయి. ముంచినా వీళ్ళు మనవాళ్ళేనని రాషీ సూత్రం చెప్పింది.

అయితే ఇది వట్టి రక్తసంబంధమేనా? కాదు. దావీదు రాజు ముత్తవ్వ రూతు మోయాబు పిల్ల, పరాయి ఆడపడుచు. అత్తతో పాటు వచ్చి, ఆ జనంలో, ఆ దేవుడిలో కలిసిపోయింది. పన్నెండో శతాబ్దంలో ఓబద్యా అనే ఒకాయన యూదు మతంలో చేరి, ఈజిప్టులో ఉన్న యూదు పండితుడు మైమోనిడీస్‌కు ఉత్తరం రాశాడు. ప్రార్థనలో మా పితరుల దేవా అని ఉంటుంది కదా, నా పితరులు వాళ్ళు కారు, నేను ఆ మాట అనవచ్చా అని. అడిగిన ప్రశ్నలో బిడియం ఉంది, పాత మిష్నాలో అనకూడదన్న మాట కూడా ఉంది. మైమోనిడీస్ మాత్రం, ఒక్క అక్షరం మార్చకుండా అను అన్నారు. అబ్రాహాము దారి పట్టిన ప్రతివాడికీ అబ్రాహామే తండ్రి అని కారణం చెప్పారు.

ఈ జవాబు విన్న క్రైస్తవ శ్రోతలకు ఎక్కడో విన్నట్టు అనిపించి ఉండాలి. మైమోనిడీస్‌కు వెయ్యేళ్ళకు పైగా ముందే అపొస్తలుడు పౌలు ఇదే అబ్రాహామును సాక్షిగా నిలబెట్టాడు. నమ్మినవాళ్ళందరికీ అబ్రాహాము తండ్రి అని గలతీయులకు, రోమీయులకు రాశాడు. తేడా ఎక్కడంటే, మైమోనిడీస్ చెప్పే బిడ్డ సున్నతి చేయించుకుని, ధర్మశాస్త్రం నెత్తిన పెట్టుకుని ఆ ఇంట్లోకి వస్తాడు. పౌలు చెప్పే బిడ్డకు సున్నతి అక్కర్లేదు, క్రీస్తు మీద విశ్వాసం చాలు. తండ్రి ఒకడే, గుమ్మాలు వేరు.

పౌలు యూదుడే, బెన్యామీను గోత్రం వాడినని చెప్పుకున్నాడు కూడా. అన్యజనులను ఆ ఇంట్లోకి తేవడానికి పాత లేఖనాలనే వాడాడు. హోషేయ ప్రవక్త తన కొడుక్కి లోఅమ్మీ అని పేరు పెట్టాడు. నా జనం కాదు అని అర్థం. దారి తప్పిన ఉత్తర ఇశ్రాయేలు మీద కోపంతో పెట్టిన పేరది. ఒకనాడు మళ్ళీ వాళ్ళే నా జనం అవుతారని ఆ ప్రవక్తే ఊరట కూడా చెప్పాడు. పౌలు ఆ ఊరటను తీసుకెళ్ళి, ఎన్నడూ ఆ జనం కాని అన్యులకు వర్తింపజేశాడు. మత్తయి ఇంకో అడుగు వేశాడు. ఐగుప్తులోనుంచి నా కుమారుణ్ణి పిలిచానని హోషేయ అన్నది ఇశ్రాయేలు జనం గురించి. మత్తయి సువార్త దాన్ని బాలయేసు గురించి చెప్పింది. అంటే ఒక జనం మొత్తం ఒక్క మనిషిలోకి ఒదిగింది. యేసే అసలైన ఇశ్రాయేలు, ఆయనలో ఉన్నవాళ్ళందరూ ఇశ్రాయేలు అనే క్రైస్తవ ఆలోచనకు విత్తనం అక్కడుంది. యూదు పాఠకుడికి ఇది ఇంట్లో దస్తావేజు తీసుకెళ్ళి పేరు మార్చి రాసుకున్నట్టు కనిపిస్తుంది. క్రైస్తవ పాఠకుడికి దస్తావేజులో మొదటి నుంచీ ఆ పేరే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటికి వస్తాను. గలతీయులకు రాసిన పత్రిక, 6వ అధ్యాయం, 16వ వచనం. ఈ పద్ధతి ప్రకారం నడిచేవాళ్ళకు సమాధానం కలగాలని పౌలు దీవిస్తాడు. ఆ దీవెనలో దేవుని ఇశ్రాయేలు అనే మాట వస్తుంది. ఆ మాటకు ముందు గ్రీకు మూలంలో కై అనే చిన్న పదం ఉంది. కై అంటే మామూలుగా మరియు. కొన్ని సందర్భాల్లో అనగా అని కూడా తీసుకోవచ్చు. ఎంత చిన్న తేడా! మరియు అంటే ఇద్దరికి దీవెన, విశ్వాసులకూ, వాళ్ళతో పాటు ఇశ్రాయేలు జనానికీ. అనగా అంటే ఒక్కరికే దీవెన, విశ్వాసులే దేవుని ఇశ్రాయేలు. పండితులు ఈ చిన్న పదం మీద ఎన్ని పేజీలు నింపారో చెప్పలేం. జేమ్స్ రాజు పేరిట వచ్చిన ఇంగ్లీషు బైబిలు మరియు వైపు మొగ్గింది. మన పాత తెలుగు బైబిలు తీసి చూడండి. అక్కడ స్పష్టంగా అనగా అని ఉంటుంది.

ఆ మామ్మ చదివింది ఆ బైబిలే. ఆవిడకు గ్రీకు రాదు, ఈ తగాదా ఉందనే తెలియదు. కానీ మనోళ్ళేనంట్రా అని ఆవిడ అడగడంలో ఆ అనువాదకుల తీర్పు ఉంది. తెలుగు పల్లెల్లో పిల్లలకు ఇశ్రాయేలు, యాకోబు, ఎఫ్రాయిము అని పేర్లు పెట్టుకున్న ఎన్నో కుటుంబాల నమ్మకం కూడా ఆ తీర్పుకు దగ్గరిదే. ఊళ్ళో ఏ వాటాలోనూ చోటివ్వని జనానికి, ప్రపంచంలోకెల్లా పాత ఇంట్లో వాటా ఉందని ఒక పుస్తకం చెప్పింది. దాన్ని వేదాంతంగా కాకుండా అలా చూస్తేనే నాకు బాగా అర్థమవుతుంది.

అయితే పౌలు అంత తేలిగ్గా దొరకడు. రోమీయులకు రాసిన పత్రికలో విశ్వాసులు దత్తపుత్రులు అంటాడు. దత్తత మన చట్టాల్లోనూ పెద్ద విషయమే. దత్తుడు వస్తే ఔరసుడి వాటా ఏమవుతుందని ఎన్ని కోర్టులు నలిగాయో తెలిసినవాళ్ళం మనం. మరి పౌలు దృష్టిలో ఔరసుడెవరు? తర్వాతి అధ్యాయంలో, తన సొంత జనమైన ఇశ్రాయేలీయుల గురించి చెబుతూ, వాళ్ళకున్న భాగ్యాల జాబితాలో మొట్టమొదట దత్తపుత్రత్వమే రాశాడు. అదే మాట! ఆయన లెక్కలో ఆ ఇంట్లో ఔరసుడంటూ లేడు. ముందొచ్చినవాడూ దత్తుడే, వెనకొచ్చినవాడూ దత్తుడే. తర్వాత ఒలీవ చెట్టు ఉపమానం చెబుతాడు. అడవి ఒలీవ కొమ్మలను తెచ్చి మంచి చెట్టుకు అంటు కట్టారు, మీరు ఆ కొమ్మలు, వేరు మిమ్మల్ని మోస్తోంది, విర్రవీగకండి అని అన్యజన విశ్వాసులను హెచ్చరిస్తాడు. ఆ హెచ్చరికను తర్వాతి తరాలు పెద్దగా పట్టించుకోలేదని చెప్పడానికి నేను సందేహించను.

పౌలు తర్వాత కొన్ని దశాబ్దాలు గడిచాయి. యూదయలో బర్ కొఖ్బా తిరుగుబాటు 135లో అణిగిపోయింది. రోము చక్రవర్తి హేడ్రియన్ యూదులను యెరూషలేములో అడుగుపెట్టనివ్వలేదు. ఆ ప్రాంతం పేరే మార్చేశాడు. బయటి నుంచి చూసేవాడికి ఇశ్రాయేలు అనే ఇల్లు ఖాళీ అయినట్టే ఉంది. అప్పుడు జస్టిన్ అనే క్రైస్తవ తత్త్వవేత్త, ట్రైఫో అనే యూదుడితో జరిగిన సంభాషణగా ఒక గ్రంథం రాశాడు. నిజమైన, ఆత్మసంబంధమైన ఇశ్రాయేలు మేమే అని తేటతెల్లంగా రాసిన తొలి క్రైస్తవ రచయిత జస్టినే. అందులో ట్రైఫో ఆశ్చర్యపోయి, ఏమిటీ, మీరు ఇశ్రాయేలా అని అడుగుతాడు. రాసింది జస్టినే అయినా ఆ ఆశ్చర్యం మాత్రం నిజమైన యూదుడిదే అనిపిస్తుంది నాకు.

ఈ జస్టిన్ పుట్టిన ఊరు నియాపొలిస్, ఇప్పటి నాబ్లస్. ఆ ఊరి పక్కనే గెరిజీము కొండ. ఆ కొండ మీద మూడో వాటాదారు ఉన్నాడు. సమరయులు. మంచి సమరయుడి కథ మనకందరికీ తెలుసు, వాళ్ళు ఇంకా ఉన్నారని చాలామందికి తెలియదు. వెయ్యి మంది లోపే మిగిలారు. మేము ఎఫ్రాయిము, మనష్షే గోత్రాల వాళ్ళం, ఎక్కడికీ పోలేదు, అసలు ఇశ్రాయేలీయులం మేమేనంటారు. పస్కా పండుగకు ఈనాటికీ ఆ కొండ మీద గొర్రెపిల్లలను బలి ఇస్తారు.

మనకు దాయాది అని మంచి మాట ఉంది. ఆస్తిలో వాటా ఉన్నవాడు అని దాని అర్థం. వాడుకలో మాత్రం పగవాడు అన్నంత పని చేస్తుంది. యూదులూ క్రైస్తవులూ ఒకరినొకరు చూసుకున్న తీరు ఈ మాట వింటేనే తెలుస్తుంది. రిబ్కా కడుపులో ఇద్దరు కవలలు, ఏశావు, యాకోబు. పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని వాక్కు. ఆగస్టీన్ లాంటి క్రైస్తవ పండితులు దీన్నెలా చదివారంటే, పెద్దవాడు ఏశావు అంటే యూదులు, తర్వాత వచ్చిన యాకోబు అంటే క్రైస్తవ సంఘం. యూదు రబ్బీలు చదివింది వేరు. ఏశావు అంటే ఎదోము, ఎదోము అంటే రోము, రోము క్రైస్తవమయ్యాక ఏశావు అంటే క్రైస్తవ లోకం. ఇద్దరూ యాకోబు మేమే అన్నారు, ఏశావు నువ్వే అన్నారు. ఇజ్రాయెల్ యువల్ అనే చరిత్రకారుడు ఈ అద్దం ఆట మీద ఒక పుస్తకమే రాశారు.

లేఖనం చదివిన తీరులో ఇద్దరూ సమానమే. చేతిలో కత్తి ఉన్నది మాత్రం ఒక్కరికే. నాలుగో శతాబ్దం నుంచి రాజ్యం సంఘం పక్షాన ఉంది. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ పెద్ద చర్చి దక్షిణ ద్వారం దగ్గర 13వ శతాబ్దంలో రెండు స్త్రీ విగ్రహాలు పెట్టారు. ఒకామె కిరీటంతో, సిలువతో ఠీవిగా ఉంటుంది. ఆమె పేరు సంఘం. రెండో ఆమె కళ్ళకు గంత, చేతిలో విరిగిన ఈటె, జారిపోతున్న ధర్మశాస్త్రపు పలకలు. ఆమె యూదు సమాజం. శిల్పి చేతి నేర్పు చూడండి, గంత కట్టిన ఆమే ఎక్కువ అందంగా ఉంటుంది. 1349 ఫిబ్రవరిలో ఆ నగరంలోనే, ప్లేగుకు యూదులే కారణమన్న పుకారు పుట్టించి వందలమందిని కాల్చి చంపారు.

ఇక ఒక మనిషి కథ చెప్పాలి. ఓస్వాల్డ్ రూఫైజెన్, 1922లో పోలండులో యూదు కుటుంబంలో పుట్టాడు. జర్మన్లు ముంచుకొచ్చాక, ఇప్పటి బెలారుస్‌లో ఉన్న మీర్ అనే ఊళ్ళో తాను యూదుడినని దాచి పోలీసుల దగ్గర దుబాసీగా చేరాడు. 1942 ఆగస్టులో అక్కడి యూదులందరినీ చంపబోతున్నారని తెలిసి ముందే కబురు పంపాడు. రెండు మూడు వందలమంది అడవిలోకి పారిపోయి బతికారు. తను పట్టుబడి, తప్పించుకుని, క్రైస్తవ సన్యాసినుల మఠంలో దాక్కున్నాడు. అక్కడ చదువుతూ చదువుతూ క్రీస్తును నమ్మి బాప్తిస్మం తీసుకున్నాడు. యుద్ధం తర్వాత కార్మెలైట్ సన్యాసి అయ్యాడు. పేరు బ్రదర్ డేనియల్.

ఆయన హైఫాలోని మఠానికి చేరి, ఇజ్రాయెల్ ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాడు. 1950లో వచ్చిన తిరిగిరాక చట్టం కింద ప్రతి యూదుడికీ ఆ దేశంలో స్థిరపడే హక్కుంది. నా మతం క్రైస్తవం, నా జాతి యూదు, ఆ హక్కు నాకివ్వండి అన్నాడు. దేశాన్ని కుదిపిన వ్యాజ్యమది. ఆయన తల్లి యూదు. మతశాస్త్రం ప్రకారమైతే పాపం చేసినా ఇశ్రాయేలే, రాషీ చెప్పిందే. రబ్బీల కోర్టుకు వెళ్ళి ఉంటే యూదుడే అనేవాళ్ళేమో. కానీ కేసు నడిచింది లౌకిక సుప్రీంకోర్టులో. 1962లో నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఒకరు మరోవైపు తీర్పు చెప్పారు. ఈ చట్టంలో యూదుడు అనే మాటకు శాస్త్రార్థం కాదు, వీధిలో మామూలు మనిషి తీసుకునే అర్థమే తీసుకోవాలి, క్రైస్తవుడైనవాడిని ఏ యూదుడూ యూదుడనడు అన్నది మెజారిటీ మాట. భిన్నాభిప్రాయం రాసింది హైమ్ కోన్. చిత్రమేమంటే, మతశాస్త్రం అక్కున చేర్చుకున్నవాడిని లౌకిక కోర్టు గుమ్మం దగ్గర ఆపింది. 1970లో చట్టాన్ని సవరించి, యూదుడంటే యూదు తల్లికి పుట్టినవాడు లేదా ఆ మతంలోకి వచ్చినవాడు, ఇంకో మతానికి చెందనివాడు అని రాసుకున్నారు. బ్రదర్ డేనియల్ మామూలు పద్ధతిలో పౌరసత్వం తీసుకుని 1998లో చనిపోయేదాకా హైఫాలోనే ఉన్నాడు. ల్యుద్‌మిలా ఉలిత్‌స్కయా అనే రష్యన్ రచయిత్రి ఆయన జీవితం ఆధారంగా నవల రాశారు.

నాకు ఈ కథలో గుచ్చుకునేది ఒకటే. ఆయన్ను ఇటు వాళ్ళూ అటు వాళ్ళూ ఒక్క ప్రశ్నే అడిగారు, రెంట్లో ఏదో ఒకటి తేల్చుకో అని. పౌలును ఇలా అడిగి ఉంటే ఏం చెప్పేవాడు?

యూరపులో అరవై లక్షల మంది యూదులు హతమయ్యాక గానీ క్రైస్తవ సంఘాలు పాత మాటలను తిరిగి చూసుకోలేదు. 1965 అక్టోబరు 28న వాటికన్ మహాసభ నోస్త్రా అయెతాతే అనే ప్రకటన చేసింది. 2221 ఓట్లు అనుకూలం, 88 వ్యతిరేకం. సంఘం కొత్త ప్రజ అంటూనే, దేవుడు యూదులను విసర్జించాడని చెప్పకూడదంది. ఆధారం చూపింది ఎక్కడో కాదు, ఆ ఒలీవ చెట్టు దగ్గరే. యాభై ఏళ్ళ తర్వాత ఫిలడెల్ఫియాలోని ఒక విశ్వవిద్యాలయంలో పాత స్ట్రాస్‌బర్గ్ స్త్రీలిద్దరికీ కొత్త విగ్రహం పెట్టారు. ఇద్దరికీ కిరీటాలు. గంత లేదు. పక్కపక్కన కూర్చుని ఒకరి పుస్తకంలోకి ఒకరు చూస్తుంటారు.

ప్రొటెస్టెంట్లలో ఇంకో దారి ఉంది. 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బ్రెదరిన్ బోధకుడు, ఇశ్రాయేలు వేరు, సంఘం వేరు, వాగ్దానాలు దేనివి దానికే అన్నాడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు ఆ బోధను ప్రపంచమంతా తిప్పింది. మన గోదావరి జిల్లాలకు 1836లోనే బ్రెదరిన్ మిషనరీలు, బౌడెన్, బీర్ దంపతులు వచ్చారు. నరసాపురం, పాలకొల్లు వైపు ఆ సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి మన దగ్గర ఒక వీధి చర్చిలో మనమే ఇశ్రాయేలు అని, పక్క వీధి చర్చిలో ఇశ్రాయేలు అంటే ఆ జనమే అని ప్రసంగాలు వినొచ్చు. రెంటికీ ఆధారం ఒకే బైబిలు.

పోయిన పది గోత్రాల సంగతి మిగిలింది. అవి తిరిగిరావని రబ్బీ అకీబా, వస్తాయని రబ్బీ ఎలియేజరు మిష్నాలోనే వాదించుకున్నారు. అప్పటి నుంచి వెతుకులాటే. ఒక దశలో కొందరు ఇంగ్లీషువాళ్ళు తామే ఆ గోత్రాలమని పుస్తకాలు రాసుకున్నారు. అది నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ మిజోరం, మణిపూర్‌లలోని బ్నై మెనాషే అనే జనాన్ని 2005లో సెఫార్డీ ప్రధాన రబ్బీ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. కొంకణ తీరంలో బెనె ఇశ్రాయేలు అనే పేరుతోనే ఒక జనం ఉంది. ఒకప్పుడు నూనె గానుగ వాళ్ళు. శనివారం గానుగ కట్టేవాళ్ళు కాదు కాబట్టి ఊళ్ళో వాళ్ళను శనివారం తేలీలు అనేవాళ్ళు. వీళ్ళు పూర్తి యూదులా కాదా అని కూడా సందేహాలు లేవదీస్తే, 1960లలో ఆందోళన చేసి మరీ తేల్చుకున్నారు.

చివరగా గుంటూరు జిల్లా, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. అక్కడ మాదిగ కుటుంబాలు కొన్ని, ఒకప్పుడు బాప్టిస్టులు. 1990ల మొదట్లో సమాజమందిరం కట్టుకున్నారు. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని, ఎప్పుడో వచ్చి తెలుగు నేల మీద కలిసిపోయామని వాళ్ళు చెబుతారు. బెనె ఎఫ్రాయిము అని పేరు పెట్టుకున్నారు. శనివారం విశ్రాంతి పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్ళ మీద 2013లో పుస్తకం వేశారు. బ్నై మెనాషేకు దక్కిన గుర్తింపు వీళ్ళకు దక్కలేదు. చరిత్రకారులు వాళ్ళ వంశకథను ఒప్పుకోరు. వాళ్ళు తమ కథను వదులుకోరు.

ఆ కుటుంబాల చుట్టాల్లో చాలామంది ఇప్పటికీ క్రైస్తవులే. శుక్రవారం పొద్దుగుంకేవేళ ఒక ఇంట్లో దీపాలు వెలిగించి హీబ్రూలో ఇశ్రాయేలును పిలుస్తారు. ఆదివారం పొద్దున ఇంకో ఇంట్లో తెలుగు బైబిలు తెరుస్తారు, దాంట్లో అనగా అని ఉంటుంది. పండక్కి, పెళ్ళికి, చావుకు ఆ ఇద్దరూ ఒకరింటికొకరు వెళ్ళాల్సిందే. అన్నదమ్ముల బిడ్డలు మరి.